లెక్కల టీచరు కార్డు

జూన్ 3

దువ్వెనా,

క్షేమమా అని అడిగితే "క్షేమమే" అని ఒక్క ముక్క రాసి తప్పించుకుంటావు కాబట్టి అడగను. వేళకి తింటున్నావా, కంటినిండా నిద్రపోతున్నావా, మోకాళ్లు ఎలా ఉన్నాయి, ఈ మూడింటికీ విడివిడిగా జవాబు రాయి. రోజంతా నిలబడే పని మనది. పోనీ ఫోన్ చేద్దామంటే మీ సెలూన్‌లో ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. సాయంత్రం చేస్తే మనిద్దరం ఒకేసారి మాట్లాడి, ఒకేసారి అలిగి పెట్టేస్తాం. ఉత్తరమే నయం. నేను రాస్తున్నంతసేపూ నువ్వు అడ్డు రాలేవు.

మీ అన్నయ్యకి నీ ఉత్తరం ముందు, పేపరు తర్వాత. కవరు మీద నా పేరుంటే మాత్రం ఏం, చింపి చదివేసి, "మా చెల్లెలు ఎంత బాగా రాస్తుందో విను" అని నా ఉత్తరం నాకే వినిపిస్తారు. మొగుడూ ఆడపడుచూ ఒక జట్టు, నేనొక్కదాన్నీ ఒక జట్టు. పెళ్లయిన రోజునుంచీ ఇదే వరస.

షాపు బాగానే ఉంది. బేసిన్ కింద పైపు మళ్లీ కారుతోంది. పక్క టైలరు తన కొట్టు ఇరుకైపోయిందని, నా వైపు గోడని చూసి రోజూ నిట్టూరుస్తున్నాడు.

అసలు విషయానికొస్తాను. ఒక క్లయింటు తల నాకు కొరుకుడు పడటం లేదు. రెండేళ్లుగా నా దగ్గరే చేయించుకుంటోంది. నువ్వు వెళ్లేముందు కార్డుల పెట్టె ఒకటి పెట్టి వెళ్లావు కదా, మనిషికో కార్డు, మాడు జిడ్డా పొడా మామూలా, ఏ షాంపూ, ఎన్నిసార్లు అని. అంతకు ముందు అవన్నీ నా వేళ్లలోనే ఉండేవి. "వేళ్లు మరిచిపోతాయి వదినా, కార్డు మరిచిపోదు" అన్నావు. నిజమే అనుకుని ఆ ప్రకారమే నడుస్తున్నాను. ఈవిడ కార్డు మీద "మాడు బాగా జిడ్డు" అని ఉంది. జిడ్డు తలకి వాడే గట్టి షాంపూ, రెండుసార్లు నురగ, కండిషనర్ జుట్టు చివర్లకే. అన్నీ చేస్తున్నా ఆవిడకి దురద తగ్గదు. ఈమధ్య మరీ ఎక్కువైంది. నువ్విప్పుడు ఈ విద్యలో పెద్దదానివి. ఏం చెయ్యాలో రాయి.

నీ జడ వేసి వేసి విసిగిపోయిన
వదిన


జూన్ 9

వదినకి, పళ్లూడిన దువ్వెన నమస్కారాలు.

తింటున్నాను. నిద్రపోతున్నాను. మోకాళ్లు నొప్పే. అన్నయ్యా, నువ్వు ఇది ముందే చదువుతున్నావని నాకు తెలుసు. వదినకి పైపు బాగుచేయించు.

ఇక్కడి కబురు చెబితే నువ్వు మురిసిపోతావు. జిడ్డు తలల క్లయింట్ల కోసం మా పెద్దమేడం విడిగా ఒక గది తెరుస్తున్నారు. మాడుని పెద్దది చేసి తెర మీద చూపించే కెమెరా ఒకటి వచ్చింది. కుదుళ్ల దగ్గర నూనె మెరవడం కూడా కనబడుతుంది. ఆ గదికి ఎవరిని పెట్టాలా అని చూస్తున్నారు. ఇద్దరి పేర్లు వినబడుతున్నాయి, ఒకటి నాది. నువ్వూ ఆవిడా ఒకే చోట పని నేర్చుకున్నారు కదా, "మీ వదిన చేతికింద పెరిగావు, నీకు వేరే పరీక్ష ఎందుకు" అన్నారు మొన్న. ఆ రోజంతా నా కాళ్లు నేలమీద లేవు.

ఇక నీ క్లయింటు. నాకు తెలిసినంతలో, ఇంట్లో ఆవిడ సరిగ్గా కడుక్కోవడం లేదు. జిడ్డు తలవాళ్లు చాలామంది జుట్టు కడుగుతారు, మాడు వదిలేస్తారు. నురగ మాడుకి పట్టాలి, జుట్టుకి కాదు. మరీ వేడి నీళ్లు వద్దని, గోళ్లతో గీకొద్దని చెప్పు. ఊరికే దువ్వుకుంటూ కూర్చుంటే కుదుళ్ల దగ్గరున్న నూనె జుట్టంతా పాకుతుంది. వారానికి రెండుసార్లు దువ్వెన కడుక్కోవాలి, దిండు గలీబు ఉతుక్కోవాలి. నేను పార్సిల్లో ఒక సీసా పంపిస్తున్నాను. మా దగ్గర మొండి జిడ్డుకి వాడేది. దాంతోపాటు మట్టి పూత పొట్లం కూడా. వారానికి మూడుసార్లు కడిగి, ఒకసారి పూత వేసి పది నిమిషాలుంచు. నెల తిరక్కుండా నీకు దండం పెడుతుంది.

ఆ పార్సిల్లో నీకు మెత్తటి చెప్పులు కూడా ఉన్నాయి. షాపులో వేసుకో, ఇంట్లో దాచకు.

నీ దువ్వెన


జూన్ 21

ఏమే దువ్వెనా,

తాతకు దగ్గులు నేర్పడమంటే ఏమిటో నీ ఉత్తరం చదివాక తెలిసింది. నురగ మాడుకి పట్టాలని నీకు చెప్పింది ఎవరు? నీకు పదహారేళ్లప్పుడు, నా తల మీద నీ చేత చేయించి నేర్పింది ఎవరు? పోనీలే, పిల్ల పెద్దదై చెబుతుంటే వినడం కూడా బాగానే ఉంది. ఆ గది నీకే వస్తుంది. నీ పేరు వినబడుతోందని రాసిన వాక్యాన్ని మీ అన్నయ్య నాలుగుసార్లు చదివారు. చెప్పులు బాగున్నాయి, అయితే ఒకటి బిగుతు.

నువ్వు చెప్పినట్టే చేశాను. వారానికి మూడుసార్లు నేనే కడిగాను, ఇంట్లో కడుక్కోవద్దన్నాను. పూత వేశాను. మొదటి వారం ఆవిడ "తల తేలిగ్గా ఉందండీ" అంది. రెండో వారానికి చెవుల వెనక ఎర్రబడింది. సన్నగా, తెల్లగా పొట్టు రాలుతోంది. మన లెక్కల టీచరు గుర్తుందా, నువ్వు వెళ్లిపోయే రోజున మొదటిసారి వచ్చింది, పొడుగ్గా, కళ్లద్దాలు, ఆవిడే. "భుజాల మీద రాలేది చూసి పిల్లలు సుద్దపొడి అనుకుంటున్నారు కాబట్టి పరువు దక్కింది" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఒక్క మాట అడుగుతాను, నవ్వకు. జిడ్డు తలలో పొట్టు పసుపుగా, అంటుకునేట్టు ఉంటుంది కదా. ఇది పొడిపొడిగా ఉంది. జుట్టు చేతిలోకి తీసుకుంటే ఎండిన పీచులా ఉంది. జిడ్డు నా వేళ్లకి తగలడమే లేదు. ఇరవై ఆరేళ్లు రసాయనాల్లో నాని నాని వేళ్లు మొద్దుబారాయేమోనని మొన్న మీ అన్నయ్య తల పట్టుకుని చూశాను. అది జిడ్డేనని తెలిసింది, కానీ అది ఎవరికైనా తెలుస్తుంది. ఏమిటో, కొంచెం భయంగా ఉంది.

ఏం చెయ్యమంటావో త్వరగా రాయి.

వదిన


జూన్ 27

వదినా,

నీ ఉత్తరం అందింది. ఆ సీసా వెంటనే ఆపెయ్యి. పూత కూడా వద్దు. ఏ గట్టి షాంపూ వద్దు. వట్టి గోరువెచ్చటి నీళ్లు, లేదంటే పసిపిల్లలకి వాడేలాంటిది, అదీ వారానికి ఒకసారి. టీచరుగారిని చర్మం డాక్టరుకి చూపించుకోమను. ఎర్రబడ్డాక మనం చెయ్యి పెట్టకూడదు, అది డాక్టరు పని.

ఒక్కొక్కసారి తలలు మారుతుంటాయి. నీళ్లు మారితే మారతాయి, వయసుకి మారతాయి. ఎందుకైందని తవ్వుకుంటూ కూర్చోకు. నువ్వు మనసులో పెట్టుకోకు. ఇరవై ఆరేళ్లుగా ఒక్కరోజు కూర్చోకుండా చేస్తున్నావు. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకో. వయసు మీద పడుతుంటే ఎవరికైనా కొంచెం తేడా వస్తుంది, అందులో తప్పేముంది.

ఇక్కడ ఏమీ విశేషాలు లేవు. గది సంగతి ఇంకా తేలలేదు. మేడంతో నువ్వు ఫోన్లో మాట్లాడితే టీచరుగారి సంగతి ఎత్తకు, ఊరికే వాళ్లకెందుకు.

చెప్పు బిగుతైతే దూది పెట్టి రెండు రోజులుంచు, సాగుతుంది.

దువ్వెన


జూలై 11

దువ్వెనకి,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలు కావస్తోంది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు, రాస్తున్నాను.

టీచరు డాక్టరు దగ్గరికి వెళ్లింది. అక్కణ్ణుంచి నేరుగా నా షాపుకి వచ్చింది. కుర్చీలో కూర్చుని, జుట్టుకి పెట్టుకున్న క్లిప్పు తీసి అద్దంలో నాకు చూపించింది. నడినెత్తిన అరచేయంత మేర జుట్టు తెగిపోయి, మాడు పుండుపడి ఉంది. "ఎండిపోయి చిట్లిందట అండీ. మళ్లీ వస్తుందిలే అన్నారు, టైం పడుతుందట" అంది. తిట్టలేదు. తిడితే నేనూ నాలుగు మాటలు అని, తర్వాత కాళ్లమీద పడేదాన్ని. తలకి గుడ్డ కట్టుకుని వెళ్లిపోయింది. అలాగే బడికి వెళుతోందట. పిల్లలు ఏం అడుగుతున్నారో, ఈవిడ ఏం చెబుతోందో.

జిడ్డు తల ఎండి ఎలా చిట్లుతుంది? కార్డు ఒకటి చెబుతుంది, డాక్టరు ఒకటి చెబుతాడు. అంటే మధ్యలో పాడుచేసింది నేను. ఎక్కువ కడిగానో, గట్టిగా రుద్దానో, నీళ్లు వేడెక్కువయ్యాయో. తెలిసి చేయలేదు, కానీ నా చేతికింద కదా జరిగింది. నువ్వు సున్నితంగా రాశావు, "వయసు మీద పడుతుంటే కొంచెం తేడా వస్తుంది" అని. మేడంతో ఆ సంగతి ఎత్తొద్దని కూడా రాశావు. నాకు అర్థం కాకపోలేదు. పేరున్న చోట పనిచేస్తున్నావు, వదిన చెయ్యి పోయిందని అక్కడ తెలిస్తే నీకు నామోషీ. నేనెవరికీ చెప్పనులే.

షాపు టైలరుకి ఇచ్చేస్తున్నాను. నెలాఖరుకి తాళాలిస్తానని మాటిచ్చాను. కుర్చీలు ఎవరో కుర్రవాళ్లు కొత్తగా పెట్టుకునే సెలూన్‌కి తీసుకుంటున్నారు. మీ అన్నయ్య మూడు రోజులు వద్దన్నారు, నాలుగో రోజు మాట్లాడటం మానేశారు. వేళ్లు తెలుసుకోలేని మనిషి ఒకరి తల పట్టుకోకూడదు. అది నేను నీకు నేర్పిన మొదటి పాఠం, నాకూ వర్తిస్తుంది.

నీ గది నీకు రావాలని కోరుకుంటున్నాను. ఇది ఎత్తిపొడుపు కాదు.

వదిన


జూలై 16
(షాపు అడ్రసుకి)

వదినా,

ఇది ఇంటికి రాయడం లేదు. అన్నయ్య ముందు చదువుతాడు. ముందు నువ్వే చదవాలి, ఒక్కదానివే చదవాలి. అందుకే షాపుకి పంపిస్తున్నాను.

తాళాలు ఇవ్వకు. నీ చేతులకి ఏమీ కాలేదు.

నువ్వు టీచరుగారని రాసిన రోజే నాకు తెలిసిపోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఉత్తరం చదువుతూ అక్కడే కూర్చుండిపోయాను. ఆ కార్డు నేను రాసిందే, అది నీకూ తెలుసు. తెలియనిది ఒకటి ఉంది. అది నా ఆఖరి రోజు. ఏడింటి బస్సు. వెళ్లేలోగా పెట్టె పూర్తిచేసి చూపించాలని నా ఆరాటం. అప్పటికింకా ఇరవై కార్డులు మిగిలాయి. నువ్వు నాకోసం టిక్కెట్టు తేవడానికి వెళ్లావు. టీచరుగారు జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చారు. కూర్చోగానే, "నిన్న మా అమ్మ వచ్చి తలకి దిట్టంగా నూనె పట్టించిందండీ, ఇవాళ కడగడం కుదరలేదు" అన్నారు. నేను విన్నాను. విని కూడా జిడ్డు పరీక్షకి మాడు మీద టిష్యూ కాగితం అద్దాను. కాగితం తడిసిపోయింది. "మాడు బాగా జిడ్డు" అని రాసి పెట్టెలో పడేశాను.

తలంటుకున్న మర్నాడు, నూనె పెట్టకుండా ఉన్నప్పుడే కాగితం పెట్టాలని ఆ పెట్టె మూత మీద రాసింది నేనే. రెండు రోజులకి మళ్లీ రమ్మని చెబితే సరిపోయేది. రెండు రోజులకి నేను ఇక్కడున్నాను. ఇక్కడికొచ్చాక ఒకసారి గుర్తొచ్చింది కూడా. వదిన ముట్టుకుంటే తెలిసిపోతుందిలే, దిద్దుకుంటుందిలే అనుకుని వదిలేశాను.

అది పొడి తల. పొడి తలకి రెండేళ్లు జిడ్డు తల వైద్యం చేయించాను నీ చేత. ఆపైన ఆ సీసా పంపించి, మిగిలింది కూడా పూర్తిచేశాను. నీ వేళ్లకి జిడ్డు తగలలేదంటే, అక్కడ లేదు గనక తగలలేదు.

జూన్ ఇరవై ఏడున ఇదంతా రాద్దామనే కూర్చున్నాను. మూడు కాగితాలు చింపాను. గది సంగతి ఆ వారమే తేలుస్తామన్నారు. మేడానికి తెలిస్తే, తలలు చూడాల్సిన మనిషి తల చూడకుండానే కార్డు రాసిందని తెలిస్తే, నన్ను ఎందుకు పెడతారు. అందుకని నీ వయసు మీదికి తోశాను. నాకు నామోషీ అని నువ్వు అనుకున్నావు చూడు, నన్ను నేను కాపాడుకోవడానికి రాసిన మాటలవి. మింగలేక కక్కలేక ఇరవై రోజులు తిరిగాను. నువ్వు షాపు ఇచ్చేస్తానని రాసేదాకా కక్కలేదు.

గది నాకే ఇచ్చారు, మొన్న సోమవారం.

తాళాలు ఇవ్వకు వదినా. నన్ను ఏమన్నా అను. షాపు మాత్రం ఇవ్వకు.

దువ్వెన


జూలై 28

వదినా, అన్నయ్యా, ఇద్దరూ కులాసా అని తలుస్తాను.

వదినా, ఈమధ్య ఒక ఉత్తరం రాశాను. అందిందా? దానికి ఏ జవాబైనా సరే. నాలుగు తిట్లు రాసినా సరే. ఏమీ రాయకపోతే మాత్రం ఉండలేకపోతున్నాను. తెర మీద ఎవరి మాడు చూసినా నాకు టీచరుగారి తలే కనబడుతోంది.

ఈ నెల ఇంకా మూడు రోజులుంది.

దువ్వెన


ఆగస్టు 4

దువ్వెనా,

నీ ఇరవై ఎనిమిదో తారీఖు ఉత్తరం మీ అన్నయ్య చదివి, "ఏ ఉత్తరం?" అన్నారు. నేనూ అదే అన్నాను. వయసు గురించి రాసిన దానికి ఇప్పుడు క్షమాపణ అడుగుతున్నావేమో అనుకున్నాం. అలిగి జవాబు రాయలేదు.

షాపుకి రాసిన ఉత్తరం నిన్న చేతికొచ్చింది. నెలాఖరు అన్నాను కానీ, టైలరు పనివాళ్లని మాట్లాడుకున్నానంటే పందొమ్మిదినే తాళాలిచ్చేశాను. షాపు వీధికి టపా ఎప్పుడూ ఒకట్రెండు రోజులు ఆలస్యమే కదా, నీ ఉత్తరం ఆ తర్వాతే షట్టరు కిందనుంచి లోపలికి పడింది. వడ్రంగి దాని మీద చెక్కపొట్టు పోశాడు. నిన్న ఊడ్చేటప్పుడు దొరికితే టైలరు తెచ్చి ఇచ్చాడు. ఇంటికి రాసి ఉంటే పద్దెనిమిదికల్లా అందేది. మీ అన్నయ్య నాకంటే ముందు చదివేవారు, నిజమే. చదివి పరిగెత్తుకుంటూ వచ్చేవారు. మధ్య గోడ పడగొట్టేశారు దువ్వెనా. బేసిన్ ఉన్నచోట ఇప్పుడు కుట్టు మిషన్ ఉంది. మాటిచ్చి, తాళాలిచ్చి, గోడ పడ్డాక వెనక్కి అడగడం నాకు చేతకాదు.

ఉత్తరం చదివాక మీ అన్నయ్యకి ఇచ్చాను. నువ్వు వద్దనుకున్నావు కానీ, ఈ ఇంట్లో ఇక దాపరికాలు చాలు. ఆయన చదివి మడిచి ఇచ్చారు. పైకి చదవలేదు.

నిన్న సాయంత్రమే టీచరుగారింటికి వెళ్లాను. పక్కన కూర్చుని అంతా చెప్పాను, ఆ నూనె, నీ బస్సు, నా షాంపూ. ఆవిడ విని, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మీరు మొదటిసారి నా తల కడిగిన రోజున 'మీది పొడి తలండీ' అన్నారు. అని, చెయ్యి తుడుచుకుని, పెట్టెలోంచి కార్డు తీసి చూశారు. 'కాదు కాదు, జిడ్డే' అన్నారు. మీకు తెలిసే ఉంటుంది కదా అని నేనేమీ అనలేదు."

నాకది గుర్తు లేదు. ఆవిడకి ఉంది.

అంటే నా వేళ్లు మొదటి రోజే నిజం చెప్పాయి. నేను వాటిని కాదని నీ రాతని నమ్మాను. మా దువ్వెన రాసింది, దానికి నాకంటే బాగా తెలుసు అనుకున్నాను. చదువుకున్నదానివని, కొత్త విద్య నేర్చినదానివని నాకు గర్వం. ఆ గర్వంతో రెండేళ్లు ఒక ఆడమనిషి తల కాల్చాను. ఇది నా తప్పు, ఇందులో నీకు వాటా ఇవ్వను.

బస్సు తొందరలో రాసిన కార్డుకి నిన్ను ఏమీ అనను. పిల్లవి, వెళ్లే తొందర. కానీ తెలిసి ఇరవై రోజులు ఊరుకున్నావు చూడు. రాత్రీ పగలూ నా చేతులు నేనే తిప్పి తిప్పి చూసుకున్న ఇరవై రోజులవి. అన్నం కలుపుతూ కూడా వేళ్లకి తెలుస్తోందా లేదా అని చూసుకునేదాన్ని. అది నాకు మింగుడు పడటం లేదు. పడుతుందో లేదో చెప్పలేను. నిన్ను పెంచిన దాన్ని కాబట్టి అబద్ధం రాయను.

మీ మేడానికి నేను చెప్పను. గదిలో కూర్చునేది నువ్వు, చెప్పాల్సింది నువ్వు. చెప్పాక కూడా ఆవిడ ఉంచితే ఉండు.

ఒక సంగతి. టీచరుగారు వచ్చే ఆదివారం పదింటికి మా ఇంటికి వస్తున్నారు. డాక్టరు ఒప్పుకున్న మందు నీళ్లతో తల కడగాలి. నన్నే కడగమన్నారు. నేను సరేనన్నాను. నాకు భయంగా ఉంది. షాపు పోయినందుకు కాదు, ఆవిడ మళ్లీ నా చేతుల్లో తల పెడుతున్నందుకు.

శనివారం బస్సెక్కు. కార్డూ కాగితం ఏమీ తేకు. ముందు ఆవిడ దగ్గర కూర్చుని నీ నోటితో చెప్పు, తర్వాత నాకు నీళ్లు పొయ్యి. నిన్ను చూడగానే నేను వంటింట్లోకి వెళ్లిపోవచ్చు. అయినా లోపలికి రా.

వదిన